పట్టూ విడుపూ

దుకాణంలో ఉక్కు చక్ ధర అడిగాను.
నెల పింఛనులో సగం చెప్పాడు కుర్రాడు,
చెప్పి, నా వేళ్ళ కణుపుల వైపు చూశాడు.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బడి బస్సు నడిపిన వేళ్ళివి.
వేల్స్ వానలో, పలకరాతి గుట్టల మలుపుల్లో
స్టీరింగు మీద బిగిసీ బిగిసీ
ఇప్పుడు జాడీ మూతకే ఓడిపోతున్నాయి.

లేత్ మాత్రం చవగ్గా వచ్చింది.
నేను పిల్లల్ని దింపిన బడే, మూసేశారు.
సామాను వేలం వేస్తే
ఎవరూ ఎత్తలేని దాన్ని నేను పాడుకున్నాను.
దాని పక్కటెముక మీద మేకుతో గీసిన పేరు, డెవి.
ఏ సీట్లో కూర్చునేవాడో నాకు గుర్తే.

చెక్కని పట్టడానికి చెక్కే చాలదా అనుకున్నాను.
బెత్తెడు బీచ్ దుంగ
రెండు చలికాలాలు బాయిలర్ పక్కన ఎండింది.
ఇనుప పలకకి ఆరు మరలతో బిగించి తిప్పాను.
ముందు తూలింది. వణికింది. బల్లని కూడా వణికించింది.
ఉలి తగిలిన కొద్దీ
తనలోనూ ఒక గుండ్రదనం ఉందని ఒప్పుకుంది.

నడుమ గుంట తొలిచాను, గిన్నె పాదం దిగేంత,
అంచు లోపలికి వెంట్రుకవాసి వాలుగా.
పళ్ళు లేని నోరూ చిగుళ్ళతో కరుస్తుంది కదా, అలా.
రంపంతో ఎనిమిది కోతలు.
ప్రతి కోత చివరా ఒక బెజ్జం,
చీలిక అక్కడ ఆగాలని.
ఆగకపోతే ఏమవుతుందో
అంతకుముందు చేసిన చక్ నేర్పి, పొయ్యిలోకి పోయింది.

ఎనిమిది వేళ్ళు వచ్చాయి గానీ
పిడికిలి రాలేదు.
పిడికిలి గరాజు ఐవర్ ఇచ్చాడు.
పాత లారీ రేడియేటర్ గొట్టానికి ఉన్న స్టీలు క్లిప్పు,
ఊడదీసి, తుడవకుండానే చేతిలో పెట్టాడు.
"మళ్ళీ ఇవ్వాలి, మెన్నా."
సరే అన్నాను. సరే అనడానికేం?

గాలివానకి చాపెల్ వెనక సికమోర్ పడింది.
ఆ కర్రకి వాసన లేదు, రుచి అంటదు.
మా ముత్తవ్వలు కౌల్ పులుసు తాగింది అందులోనే.

మొదటిసారి భయపడి వదులుగా బిగించాను.
నాలుగు చుట్లు తిరిగిందో లేదో
గిన్నె ఎగిరి, టీ డబ్బాకి సొట్ట పెట్టి,
తెరిచిన తలుపులోంచి పెరట్లోకి దొర్లింది.
పక్కింటి కుక్క దాన్ని చాలాసేపు మొరిగింది.

రెండోసారి ఉడుంపట్టు పట్టించాను.
ఎగరలేదు. పాదం పుటుక్కున నలిగింది.
పైగా క్లిప్పు మర తల తిరుగుతూ తిరుగుతూ
నా కణుపుల తోలు లేపింది.
దానికి టేపు చుట్టాలన్న తెలివి
చేతులు కాలాక పట్టుకున్న ఆకు.

ఎంత బిగించాలి?
అంగుళాల్లో చెప్పేది కాదు.
రోడ్డు దాటించేటప్పుడు
ఐదేళ్ళ పిల్ల మణికట్టు ఎంత పడతాం,
మూడోసారి అంతే పట్టాను.

పట్టింది.
పచ్చి కర్ర పొరలు పొరలుగా లేచి
మెడ మీదా, కోటు జేబుల్లోనూ, చెవి వెనకా.
చెమ్మ చుక్కలు కళ్ళద్దాల మీద.
గోడ పల్చబడి పల్చబడి
దీపం వెలుగు గిన్నెలోకి కారడం మొదలైనప్పుడు
ఉలి దించేశాను.

క్లిప్పు వదులు చేసినా చక్ వదల్లేదు.
అరచేత్తో తట్టాను: చాల్లే, వదులు.
వదిలింది.
పాదం చుట్టూ ఎనిమిది లేత నొక్కులు.
గరుకు కాగితం తీశాను,
మళ్ళీ జేబులో పెట్టేశాను.

సోమవారం ఐవర్ వచ్చాడు.
"పాల వ్యాను గొట్టం కారుతోంది, నా క్లిప్పేది?"
కూర్చోబెట్టి పులుసు పోశాను.
తాగి, గిన్నె బోర్లించి,
బొటనవేలితో అడుగంతా తడిమాడు.
"ఇవేంటి?"
"వేలిముద్రలు."
"ఎవరివి?"

చెప్పలేదు.
గిన్నె ఇచ్చి పంపాను.
క్లిప్పు ఇవ్వలేదు.